కూసే కుక్కర్‌కు భయపడకండి: మరమ్మతు బల్ల మీది నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడలో ఒక బజారు మలుపున ఇరవై ఆరేళ్లుగా కుక్కర్లు, గ్యాస్ స్టవ్‌లు బాగుచేస్తున్నాను. పాడై వచ్చే కుక్కర్లతో పాటు, ఏ లోపమూ లేకుండా కేవలం యజమాని భయం వల్ల నా బల్ల మీదికి వచ్చే కుక్కర్లు కూడా ఉంటాయి. పెళ్లికి కానుకగా వచ్చిన అయిదు లీటర్ల కుక్కర్‌ను రెండేళ్లపాటు అట్టపెట్టెలోనే ఉంచిన ఒక అమ్మాయి ఈమధ్య దాన్ని పెట్టెతో సహా తెచ్చి, "బాబాయ్ గారూ, ఇది పేలదని మీరు మాటిస్తేనే స్టవ్ ఎక్కిస్తాను" అంది. "పేలదని మాటివ్వలేనమ్మా, కానీ ఏం చేస్తే పేలుతుందో మాత్రం వివరంగా చెప్పగలను" అన్నాను. ఆ రోజు ఆమెకు చెప్పిన మాటలే ఇక్కడ కొంత పొడిగించి రాస్తున్నాను.

అపోహ: కుక్కర్ ఎప్పుడు పేలుతుందో ఎవరికీ తెలియదు.

వాస్తవం: కుక్కర్ చెప్పాపెట్టకుండా పేలదు. మూత మీది గొట్టం రంధ్రం కొలత, దానిపై కూర్చునే వెయిట్ బరువు రెండూ ముందుగానే లెక్కగట్టి చేసినవి. లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఎక్కువయ్యేసరికి ఆవిరి ఆ వెయిట్‌ను లేపి బయటపడుతుంది, ఒత్తిడి కాస్త తగ్గగానే వెయిట్ మళ్లీ యథాస్థానంలో కూర్చుంటుంది. మనం విజిల్ అనేదీ, పెద్దవాళ్లు కూత అనేదీ ఇదే. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద కాక 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టే కందిపప్పు అంత త్వరగా మెత్తబడుతుంది.

ఏ కారణంచేతనైనా ఆ గొట్టం మూసుకుపోతే రెండో కాపలాగా సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. మూతకు బిగించిన ఆ చిన్న లోహపు బిళ్ల మధ్యలో ఒక మిశ్రమలోహం పోసి ఉంటుంది, అది వంటకు మామూలుగా వచ్చే వేడికి చెక్కుచెదరదు గానీ, వేడి హద్దు దాటితే కరిగిపోయి ఆవిరికి దారి వదులుతుంది. చాలా మోడళ్లలో మూత అంచున చిన్న కిటికీలాంటి కోత కూడా ఉంటుంది, ఒత్తిడి మరీ పెరిగితే గ్యాస్కెట్, అంటే మూత అంచున ఉండే రబ్బరు వలయం, ఆ కోతలోంచి బయటికి ఉబికి ఆవిరిని వదిలేస్తుంది. ఈ జాగ్రత్త కొత్తగా వచ్చింది కూడా కాదు. ఫ్రాన్స్‌లో పుట్టిన డెనిస్ పాపిన్ 1679లో లండన్ రాయల్ సొసైటీ ముందు ఎముకలను సైతం మెత్తబరిచే ఆవిరి పాత్రను ప్రదర్శించాడు, దానికోసం ఆయన బరువుతో పనిచేసే సేఫ్టీ వాల్వ్‌ను రూపొందించాడు. మన వంటింటి వెయిట్ దాని వారసురాలే.

కాబట్టి కుక్కర్ పేలాలంటే ఈ దారులన్నీ ఒకేసారి మూసుకుపోవాలి, అందుకు సాధారణంగా మనిషి చెయ్యి కూడా తోడవ్వాలి. కొన్నేళ్ల కిందట అంచు చీలి, చిప్పలా తిరగబడిన ఒక మూత నా దగ్గరకు వచ్చింది. సేఫ్టీ వాల్వ్ ఉండవలసిన రంధ్రంలో ఒక ఇనుప బోల్టు బిగించి, చుట్టూ సీలు ముద్ద పూసి ఉంది. గొట్టంలోకి పిన్నీసు దూర్చి తిప్పితే చుట్టుకుపోయి ఎండిన టమాటా తొక్క ఒకటి ఊడివచ్చింది. జరిగిందేమిటో అడిగి తెలుసుకున్నాను. అంతకు నెల ముందు నీళ్లు ఇగిరిపోయి వాల్వ్ కరిగింది, అంటే తన పని తాను సక్రమంగా చేసింది. దాన్ని పాడైన భాగంగా భావించి, కొత్తది కొనడానికి బదులు బోల్టుతో మూసేశారు. ఆ తర్వాత తొక్క అడ్డుపడిన రోజున ఆవిరికి వెళ్లే దారి మిగల్లేదు. ఆ సమయానికి ఇల్లాలు డాబా మీద బట్టలు తీస్తూ ఉండటం వల్ల ప్రాణాపాయం తప్పింది.

అపోహ: విజిల్ ఎంత గట్టిగా వస్తే లోపల అంత ప్రమాదం పెరుగుతున్నట్టు.

వాస్తవం: ఆ చప్పుడు ఒత్తిడి బయటికి పోతున్న చప్పుడు. నా దృష్టిలో ఈ భయం పూర్తిగా తలకిందులుగా ఉంది, ఎందుకంటే మనం అనుమానించవలసింది కూసే కుక్కర్‌ను కాదు, రోజూ కూసే సమయం దాటినా కూయని కుక్కర్‌ను. కూత రాకపోవడానికి సాధారణంగా రెండు కారణాలుంటాయి. మూత అంచు చుట్టూ బుసబుసమంటూ ఆవిరి గానీ నీటి చుక్కలు గానీ వస్తుంటే గ్యాస్కెట్ పట్టు తప్పిందని అర్థం, అది చిరాకే గానీ ప్రమాదం కాదు. అంచు నుంచీ ఆవిరి రాక, గొట్టం నుంచీ రాక, మంట మాత్రం పెద్దగా మండుతుంటే గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు వెయిట్‌ను కదపకుండా, మూత మీదికి వంగి చూడకుండా స్టవ్ కట్టేసి, కుక్కర్‌ను ఉన్నచోటనే వదిలేసి, అది పూర్తిగా చల్లారేదాకా వంటింటి బయటే ఉండండి.

ఆ పరిస్థితి రాకుండా చూసుకోవడానికి అర నిమిషం చాలు. మూత పెట్టే ముందు ప్రతిసారీ దాన్ని వెలుతురు వైపు ఎత్తి గొట్టంలోంచి చూడాలి, అవతలి వెలుతురు గుండ్రంగా కనిపించాలి. పెసర పొట్టు, కరివేపాకు ఈనె, చింతపండు పీచు నేను తరచుగా బయటికి లాగే సరుకులు. వెయిట్ విడిగా ఉండే కుక్కర్లలో, ఆవిరి సన్నని ధారగా నిలకడగా వచ్చాకనే వెయిట్ పెడితే గొట్టం తెరిచి ఉందని మరోసారి రూఢి చేసుకున్నట్టు అవుతుంది, లోపలి గాలి కూడా బయటికి పోతుంది.

అపోహ: స్టవ్ కట్టేశాక కొంచెం బలంగా తిప్పితే మూత వచ్చేస్తుంది, అంతలో ఏమీ కాదు.

వాస్తవం: నా అనుభవంలో "కుక్కర్ పేలింది" అని చెప్పుకునే సంఘటనల్లో ఎక్కువ భాగం పేలుళ్లు కావు, తొందరపడి మూత తీసిన సందర్భాలు. మూత అడ్డుకొలత 18 సెంటీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం సుమారు 254 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున చూస్తే, పాతిక కిలోల బియ్యం బస్తాలు పది పేర్చినంత బలం లోపలి నుంచి మూతను నెడుతూ ఉంటుంది. ఒత్తిడి పదో వంతుకు తగ్గాక కూడా ఒక బస్తా బరువంత బలం మిగిలే ఉంటుంది. దీనికి తోడు, లోపల 120 డిగ్రీల దగ్గర ఉన్న పప్పు నీళ్ల మీద ఒత్తిడి ఒక్కసారిగా తొలగిపోతే అవన్నీ ఒకేసారి మరిగి పైకి చిమ్ముతాయి. ముఖం, చేతులు కాలేది వాటి వల్లనే.

హాకిన్స్ తరహాలో మూత గిన్నె లోపలికి దూరి కింది నుంచి పైకి బిగుసుకునే కుక్కర్లలో ఇదే బలం మూతను అంచుకు అదిమి పెడుతుంది, అందువల్ల ఒత్తిడి ఉన్నంతసేపు అది ఊడి రాదు. బయటి నుంచి తిప్పి బిగించే మూతల విషయంలో మాత్రం మన ఓపికే రక్షణ. పది, పదిహేను నిమిషాలు దానంతట అది చల్లారనిచ్చి, గరిటె కాడతో వెయిట్‌ను కొద్దిగా లేపి చూడండి. ఆవిరి శబ్దం వస్తే ఇంకా సమయం కాలేదు. శబ్దం లేకపోయినా హ్యాండిల్ తేలికగా కదలకపోతే బలం ప్రయోగించవద్దు. పప్పు, గంజి వంటి పొంగే పదార్థాలు వండినప్పుడు ఆవిరిని బలవంతంగా తీసేయడానికి వెయిట్‌ను పూర్తిగా ఎత్తకూడదు, నురగ అదే గొట్టంలోంచి ఎగజిమ్మి పైకప్పును పసుపుపచ్చగా చేస్తుంది. ఆ పైకప్పులు నేను చాలానే చూశాను.

అపోహ: నాలుగు విజిల్స్ అంటే అందరి ఇళ్లలోనూ నాలుగు విజిల్సే.

వాస్తవం: విజిల్ కాలాన్ని కొలిచే సాధనం కాదు. మంట పెద్దదైతే కూతలు వెంటవెంటనే వస్తాయి, చిన్నదైతే ఆలస్యంగా వస్తాయి. మొదటి కూత రాగానే సిమ్‌లో పెట్టి గడియారం చూసుకోవడం మంచి పద్ధతి. గ్యాస్ ఆదా అవుతుంది, నీళ్లు త్వరగా ఇగరవు, శబ్దానికి బెదిరేవారికి కూతలే తగ్గుతాయి.

అపోహ: పెద్ద కుక్కర్ కాబట్టి నిండా వేసుకోవచ్చు.

వాస్తవం: మామూలు వంటకు మూడింట రెండు వంతులు, పప్పులకు, అన్నానికి సగం దాటకూడదు. ఆ ఖాళీ ఆవిరి కోసం, పొంగు కోసం వదిలిన చోటు. పప్పులో అర చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుంది. గిన్నెలు పేర్చి వండేటప్పుడు అడుగున కనీసం పెద్ద గ్లాసుడు నీళ్లు ఉండాలి, అవి మరచిపోయిన రోజునే వాల్వ్ కరుగుతుంది.

అపోహ: కుక్కర్‌లో పోషకాలన్నీ చస్తాయి, అడుగున పట్టిన నలుపు విషం.

వాస్తవం: నీటిలో కరిగే విటమిన్లు ఏ వంటలోనైనా కొంత పోతాయి, కుక్కర్‌లో వంట సమయం తక్కువ కాబట్టి దాన్ని ప్రత్యేకంగా నిందించడానికి కారణం లేదు. అల్యూమినియం కుక్కర్ లోపలి నలుపు నీటిలోని లవణాల వల్ల వచ్చే మచ్చ మాత్రమే. నీళ్లలో నిమ్మతొక్క వేసి మరిగిస్తే వదులుతుంది.

అపోహ: రబ్బరు రబ్బరే, ఏ కంపెనీదైనా సరిపోతుంది.

వాస్తవం: నా వ్యాపారానికి నష్టమైనా చెబుతాను, సరిపోదు. చూపుకు ఒకేలా ఉన్న రెండు గ్యాస్కెట్లకు మందంలో తేడా ఉంటుంది, సేఫ్టీ వాల్వ్‌కు మరలో తేడా ఉంటుంది. మీ కుక్కర్ పేరు, లీటర్లు చెప్పి అదే కంపెనీ భాగాన్ని అడగండి. గ్యాస్కెట్ గట్టిపడినా, పగుళ్లు కనిపించినా, ఏడాది నిండినా మార్చండి. కొత్త కుక్కర్ కొనేటప్పుడు ఐఎస్‌ఐ ముద్ర, కుక్కర్ల భారతీయ ప్రమాణాన్ని సూచించే ఐఎస్ 2347 అనే అంకె చూడండి. 2020లో ఇచ్చిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చాక ఇంటి వాడకపు కుక్కర్లకు ఆ ముద్ర తప్పనిసరి. చవకగా వచ్చిందని సంతలోనో ఆన్‌లైన్‌లోనో ముద్ర లేనిది కొంటే, నేను పైన చెప్పిన కాపలాలన్నీ అందులో ఉన్నాయో లేవో చెప్పేవారు ఉండరు.

ఇంతా విన్నాక కూడా ఆ అమ్మాయి చేతులు కుక్కర్‌ను తాకడానికి వెనుకాడాయి. అందుకని దుకాణంలోని స్టవ్ మీదనే, బియ్యమూ పప్పూ ఏమీ లేకుండా, రెండు గ్లాసుల నీళ్లు మాత్రం పోయించాను. గొట్టంలోంచి వెలుతురు చూడటం, గ్యాస్కెట్ తడిపి అమర్చడం, మూత తిప్పి బిగించడం, ఆవిరి ధార వచ్చాక వెయిట్ పెట్టడం అన్నీ ఆమెచేతనే చేయించాను. మొదటి కూతకు రెండడుగులు వెనక్కి వేసింది, మూడో కూతకు వేయలేదు. స్టవ్ కట్టేసి పన్నెండు నిమిషాలు ఆగాం, ఆ సమయంలో వేరొకరి కుక్కర్‌కు హ్యాండిల్ మార్చాను. తర్వాత ఆమె వెయిట్‌ను గరిటె కాడతో లేపి, చప్పుడు లేదని నిర్ధారించుకొని, మూత తీసి లోపలికి చూసింది. "నీళ్లేగా బాబాయ్ గారూ, రేపు పప్పు పెడితే?" అంది. సగం దాటకుండా వేసి ఇదే వరుసలో చేయమని చెప్పి, అర చెంచా నూనె సంగతి మరోసారి గుర్తుచేసి పంపాను.