నీళ్ల అడుగున ఇద్దరం: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

పెద్దమ్మ ఆశీస్సులు.

నేనూ నా స్నేహితురాలూ సెలవులకి పగడపు దిబ్బల దగ్గర స్కూబా డైవింగ్ (వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల అడుగుకి దిగడం) చేసొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి మీరు అడుగుతున్న ప్రశ్నలు ఫోన్లో తెమిలేవి కావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

"భయం వేయలేదా పెద్దమ్మా?" అని కదా అందరూ ముందు అడిగింది. వేసింది. తల నీళ్లలో మునిగాక మొదటి ఊపిరి తీయడానికి ఒళ్లు ఒప్పుకోదు. నీళ్లలో ఊపిరి బిగబట్టడమే మనకి అలవాటు మరి. నోట్లో పెట్టుకున్న, సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్ నుంచి ఒక్కసారి పీల్చి, గాలి నిజంగానే వస్తోందని తెలిశాక సగం భయం పోతుంది. పక్కన నమ్మకమైన మనిషి ఉంటే మిగతా సగమూ పోతుంది. డైవింగ్‌లో ఆ మనిషిని బడ్డీ అంటారు. అసలు ఒంటరిగా దిగకూడదనే ముందు నేర్పిస్తారు.

వీపున కట్టుకునే సిలిండర్‌లో ఆక్సిజన్ ఉంటుందని మీలో చాలామంది అనుకుంటున్నారు. కాదమ్మా, సాధారణంగా అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే. దాన్ని మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్ల ఒత్తిడితో అదిమి నింపుతారు. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో అనే నావికాదళ అధికారి, ఎమీల్ గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి తయారుచేసిన పరికరమే ఇప్పటి స్కూబాకి మూలం. అంతకుముందు ఎక్కువమంది డైవర్లు పడవ మీది నుంచి గొట్టంలో వచ్చే గాలితోనే పనిచేసేవారు. గొట్టం ఎంత పొడవుంటే అంత దూరమే వెళ్లగలిగేవారు.

ఇక ఒత్తిడి సంగతి. దీన్ని కొంచెం నిదానంగా చదవండి, ప్రాణం దీనిమీదే ఆధారపడి ఉంటుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకీ ఒత్తిడి ఒక వాతావరణ పీడనం చొప్పున, అంటే ఒడ్డున మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడంత, పెరుగుతుంది. పైన ఊదిన బెలూన్‌ని 10 మీటర్ల లోతుకి తీసుకెళ్తే సగానికి కుంచించుకుపోతుంది. మరి అక్కడ నిండా ఊపిరి తీసుకుని, దాన్ని బిగబట్టి పైకొస్తే? లోపలి గాలి రెండింతలు అవ్వాలని చూస్తుంది, ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. అందుకే నీళ్లలో ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. ఇంకో సంగతి, లోతులో ఉన్నంతసేపూ గాలిలోని నైట్రోజన్ మన రక్తంలోకీ కండరాల్లోకీ కరుగుతూ ఉంటుంది. గబగబా పైకొచ్చేస్తే సోడా సీసా మూత తీసినట్టే, ఒంట్లో బుడగలు కడతాయి. అందుకని మెల్లగా పైకి వస్తూ, సుమారు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుతాం. వరసగా కొన్ని రోజులు డైవ్ చేశాక కనీసం 18 గంటల దాకా విమానం ఎక్కకూడదు. మేమూ చివరి రోజు నీళ్ల జోలికి పోకుండా ఒడ్డునే గడిపాం.

దిగేముందు నా పట్టీలూ గాలి మీటరూ నా స్నేహితురాలు చూసేది, ఆమెవి నేను చూసేదాన్ని. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక అదనపు రెగ్యులేటర్ ఉంటుంది, వెంటనే కంటపడేలా ఎక్కువగా పసుపు రంగులో. అది మన కోసం కాదు, బడ్డీ గాలి అయిపోతే ఇవ్వడానికి. కింద మాటలుండవు, అంతా సైగలే. బొటనవేలు పైకి చూపిస్తే "బాగుంది" అని కాదు, "పైకి పోదాం" అని. బాగుందనడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి.

ఒకసారి దిగుతుండగా ఆమె ఆగిపోయి, అరచెయ్యి బోర్లించి అటూ ఇటూ ఊపింది. ఏదో తేడాగా ఉందని అర్థం. తర్వాత చెవి చూపించింది. ఇద్దరం ఒక మీటరు పైకి వెళ్లాం. ఆమె ముక్కు మూసుకుని నెమ్మదిగా గాలి ఊదింది, మళ్లీ ఊదింది, చెవి తెరుచుకున్నాక సున్నా చుట్టి చూపింది. మాతో దిగినవాళ్లంతా అప్పటికే కింద చేపల్ని చూస్తున్నారు. చూడనీ. పక్కవాళ్ల చెవి కోసం ఆగే ఓపిక లేనివాళ్లు ఎంత బాగా ఈదినా సరే, వాళ్లతో నేను దిగను.

ఇక పగడాలు. చూడటానికి రాయిలా, చెట్టులా ఉంటాయి గానీ అవి జంతువులు. పాలిప్ అనే చిన్న చిన్న జీవులు వేలకొద్దీ కలిసి, నీటిలోని కాల్షియంతో గట్టి గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనపడని శైవలాలు, అంటే నాచులాంటి జీవులు, కాపురం ఉంటాయి. ఆ శైవలాలు ఎండతో ఆహారం తయారుచేసి అందులో ఎక్కువ భాగం పాలిప్‌కే ఇస్తాయి, పాలిప్ వాటికి చోటిస్తుంది. గుండ్రటి బండల్లాంటి పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. నా ఎత్తున్న పగడాన్ని చూసినప్పుడు, మా తాతగారు పుట్టకముందు నుంచీ ఇది పెరుగుతూ ఉందన్నమాట అనిపించింది. అలాంటిదాన్ని కాలి ఫిన్ (ఈదడానికి కాలికి తొడుక్కునే రెక్క) తగిలించి విరగ్గొట్టడానికి ఒక్క క్షణం చాలు. అందుకే దేన్నీ ముట్టుకోకుండా, దేనిమీదా నిలబడకుండా, ఊపిరితోనే నీళ్లలో తేలడం నేర్చుకోవాలి. పీలిస్తే కొద్దిగా లేస్తాం, వదిలితే కొద్దిగా దిగుతాం.

మీరు చూసి తీరాల్సింది ఒకటుంది. పెద్ద గ్రూపర్ చేప ఒకటి పగడం పక్కన నోరు బార్లా తెరిచి కదలకుండా ఉంది. క్లీనర్ రాస్ అనే వేలెడంత నీలిచారల చేప దాని నోట్లోకి దూరి, మొప్పల్లోంచి బయటికొచ్చి, పురుగుల్ని ఏరుకుతింటోంది. నోరు మూస్తే గుటుక్కుమనేదే, మూయలేదు! ఆ పక్కనే చిలక చేపలు పగడాన్ని కొరుకుతున్న కరకర శబ్దం మాకు స్పష్టంగా వినపడింది. అవి నమిలి విసర్జించేదే తర్వాత తెల్లటి ఇసుక అవుతుంది.

అన్నీ అందంగానే ఉన్నాయని రాస్తే అబద్ధమవుతుంది. ఒకచోట కొమ్మల పగడాలు పూర్తిగా తెల్లబడి ఉన్నాయి. వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠ వేడి కంటే నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు ఉంటే చాలు, పాలిప్ లోపలి శైవలాల్ని బయటికి పంపేస్తుంది. రంగు పోతుంది, తిండీ పోతుంది. వెంటనే చచ్చిపోదు, నీళ్లు త్వరగా చల్లబడితే శైవలాలు మళ్లీ చేరతాయి. లేకపోతే ఆకలితో చస్తుంది. ఆ తెల్లకొమ్మల్లో చిన్నచేపలు ఇంకా దాక్కునే ఉన్నాయి. పక్కనే కొన్ని కొమ్మల మీద గోధుమరంగు నాచు పట్టేసింది, అవి ఇక తేరుకోవు. ఆస్ట్రేలియా పక్కన 2,300 కిలోమీటర్ల పొడవున్న గ్రేట్ బారియర్ రీఫ్‌లో 2016 నుంచి ఇలాంటి తెల్లబారుడు పదేపదే వస్తోంది. ప్రపంచమంతటా నాలుగోసారి ఇది జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. సముద్రపు అడుగులో ఒక శాతం కూడా లేని పగడపు దిబ్బలే సముద్ర జీవజాతుల్లో పావువంతుకి ఆసరా. నాకు దిగులు ఎందుకో అర్థమైంది కదా.

మీరెప్పుడు రావచ్చనేగా ఆఖరి ప్రశ్న? చాలా శిక్షణ సంస్థలు పదేళ్లు నిండినవాళ్లకి నేర్పిస్తాయి. ఆ వయసులో పెద్దవాళ్లతో కలిసి, 12 మీటర్లు దాటకుండా. ముందు ఈత బాగా రావాలి. ఈలోగా మాస్కూ, నీళ్లపైన తేలుతూ ఊపిరి పీల్చుకునే స్నార్కెల్ గొట్టమూ చాలు. లోతుకి పోయేకొద్దీ మొట్టమొదట ఎరుపు రంగే మాయమవుతుంది కాబట్టి పగడాల రంగులు పైనుంచే బాగా కనిపిస్తాయి. సన్‌స్క్రీన్ తక్కువ రాసుకుని పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఆక్సీబెంజోన్ లాంటి రసాయనాలు పగడాలకి హాని చేస్తాయని 2021 నుంచి హవాయిలో అవి ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకమే ఆపేశారు. వచ్చేటప్పుడు జతగా ఎవరితో దిగాలో కూడా ఆలోచించుకుని రండి.

మీ
పెద్దమ్మ