విమానం భయం, పక్కన ఇద్దరు పిల్లలు: 13 ఏళ్ళ అనుభవమున్న కేబిన్ క్రూ నోట కొన్ని అపోహలు - వాస్తవాలు

మా వదినకి విమానం పేరెత్తితే చాలు అరచేతులు చెమటలు పడతాయి. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కి ఔటర్ మీద క్యాబ్ నూట ఇరవైలో పోతుంటే హాయిగా రీల్స్ చూసుకుంటది, అదే గేటు దగ్గర విమానం ముక్కు కనిపించగానే హనుమాన్ చాలీసా మొదలు. ఈ ఎండాకాలం సెలవులకి న్యూజెర్సీలో వాళ్ళ తమ్ముడి దగ్గరికి, అట్నుంచి నయాగరాకి ప్లాన్ వేశారు, దుబాయ్ దాకా నాలుగు గంటలు, అక్కడి నుంచి న్యూయార్క్ దాదాపు 14 గంటలు, పక్కన నాలుగేళ్ళ పిల్లోడు, ఒళ్ళో పదకొండు నెలల పాప. మా అన్నయ్య ఉంటాడు గానీ ఆయన సీటు బెల్ట్ పెట్టుకున్న ఐదో నిమిషానికి గురక పెట్టే రకం, లెక్కలోకి రాడు.

మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి గంటన్నర ప్రశ్నలు. సగం యూట్యూబ్‌లో చూసినవి, సగం అపార్ట్‌మెంట్ ఆంటీలు చెప్పినవి. నేను 13 ఏళ్ళు కేబిన్ క్రూగా చేశా, ఇప్పుడు హైదరాబాద్‌లోనే కొత్తగా చేరేవాళ్ళకి ట్రైనింగ్ ఇస్తున్నా. అన్నేళ్ళలో నాకు తెలిసొచ్చింది ఏంటంటే, భయపడేవాళ్ళకి "ఏం కాదులే" అంటే పైసా ఉపయోగం లేదు, "ఇప్పుడు ధన్ మన్నది ఫలానా" అని చెప్తే మాత్రం కుర్చీ చేతిని పట్టుకున్న పట్టు కాస్త సడలుతుంది. అందుకే వదినకి చెప్పినవే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: టేకాఫ్ అయిన కాసేపటికి ఇంజన్ చప్పుడు తగ్గిపోయిందంటే ఏదో అయినట్టే

ఇది నంబర్ వన్ భయం, నేను క్రూ కూర్చునే మడత కుర్చీలో (జంప్ సీట్) కూర్చుని ఎదురుగా మొహాలు చూస్తుంటా కదా, సరిగ్గా ఆ క్షణంలోనే రంగు మారుతుంది. రన్‌వే మీద పరిగెత్తి లేవడానికి పెట్టిన పవర్ పైకి లేచాక అంత అక్కర్లేదు, అందుకని సుమారు వెయ్యి, పదిహేను వందల అడుగులు దాటాక పైలట్లు తగ్గిస్తారు. విమానం అప్పుడు కూడా పైకే పోతుంది. కాకపోతే ఎక్కే జోరు తగ్గేసరికి కడుపులో లిఫ్ట్ ఆగినప్పటి ఫీలింగ్ వచ్చి, చెవులకేమో చప్పుడు తగ్గి, రెండూ కలిపి మెదడు "పడిపోతున్నాం" అని లెక్క కట్టేస్తది.

దానికి ముందే కాళ్ళ కింద గరగరమని ఒక చప్పుడు, ఆఖర్న ధన్ మని ఒకటి వస్తాయి, చక్రాలు లోపలికి మడుచుకుని తలుపులు మూసుకున్నాయన్న మాట. తర్వాత కూయ్ మని సన్నగా వచ్చేది రెక్కల వెనక అంచున ఉండే పలకలు (ఫ్లాప్స్) లోపలికి పోతున్న చప్పుడు. ఇక టింగ్ టింగ్ మని బెల్లు మోగితే కాక్‌పిట్‌లో ఏదో లొల్లి అయిందనుకుంటారు. వాటిలో చాలావరకు మేం ఒకరికొకరం చేసుకునే ఇంటర్‌కామ్ ఫోన్లు, వెనక గ్యాలీ (విమానంలో మా వంటగది) అమ్మాయి ముందు గ్యాలీకి "మీ దగ్గర టీ బ్యాగులు మిగిలాయా" అని అడగడం. ఢిల్లీయో ముంబయో వెళ్ళి అక్కడ మారేవాళ్ళు చిన్న ఎయిర్‌బస్ ఎక్కితే నేల మీద ఉన్నప్పుడు కింద నుంచి కుక్క మొరిగినట్టు వినిపిస్తది, అది హైడ్రాలిక్ సిస్టమ్‌లో ఒక యూనిట్ చేసే చప్పుడు. లగేజీలో ఎవరి కుక్కో ఇరుక్కుందని నాకు సీరియస్‌గా కంప్లైంట్ ఇచ్చిన పెద్దాయన ఉన్నారు.

అపోహ: ఎయిర్ పాకెట్‌లో పడితే విమానం వేల అడుగులు కిందికి పోతుంది

గాల్లో గుంటలేమీ ఉండవు. అంతా గాలే, కాకపోతే ఒకచోట పైకి, ఒకచోట కిందికి, వేర్వేరు స్పీడుల్లో కదులుతూ ఉంటది, పడవ కింద అలల్లా అనుకోండి. మామూలు కుదుపుల్లో విమానం ఎత్తు మారేది చాలా తక్కువ.

మరి 2024 మేలో లండన్ నుంచి సింగపూర్ వెళ్ళే విమానం సంగతేంటి అంది వదిన, మంచి ప్రశ్నే. అది నిజంగా తీవ్రమైన కుదుపు, ఒకాయన చనిపోయారు, ఎంతోమందికి దెబ్బలు తగిలాయి. అప్పుడు వార్తల్లో 6,000 అడుగులు పడిపోయిందని రాశారు. దర్యాప్తు సంస్థ ప్రాథమిక నివేదిక ప్రకారం ఆ కుదుపులో విమానం దిగింది 178 అడుగులు, 4.6 సెకన్లలో. అంటే దాదాపు మన చార్మినార్ ఎత్తు. ఆ వేల అడుగుల దిగడం తర్వాత పైలట్లు కావాలని దించింది. కానీ ఆ 178 అడుగుల్లోనే బెల్ట్ లేనివాళ్ళు సీలింగ్‌కి కొట్టుకున్నారు. మనం భయపడాల్సింది రెక్క విరుగుతుందని కాదు, రెక్కల్ని 2010లో బోయింగ్ డ్రీమ్‌లైనర్ విమానం టెస్ట్‌లో దాదాపు 25 అడుగులు పైకి వంచి చూశారు, విరగలేదు. మన బెల్ట్ వదులుగా ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. కూర్చున్నంత సేపూ పెట్టుకోండి, సైన్ ఆరిపోయినా సరే, దుప్పటి పైన కనిపించేలా పెడితే మేం మిమ్మల్ని లేపం కూడా.

ఊగడం తక్కువ కావాలంటే రెక్కల దగ్గర సీటు తీసుకోండి, తోక దగ్గర ఎక్కువ తెలుస్తది. ఎండాకాలం మధ్యాహ్నం హైదరాబాద్ మీద నేల కాగి గాలి పైకి తన్నుతుంటది, అందుకే మే నెలలో మూడింటి ఫ్లైట్ కన్నా తెల్లవారుజాము ఫ్లైట్ మేలు.

అపోహ: ఇంజన్లు ఆగితే రాయిలా పడుతుంది

ఒక ఇంజన్ ఆగితే రెండోదానితో ఎగురుతుంది, సముద్రం మీద రెండింజన్ల విమానాలకి పర్మిషన్ ఇచ్చేదే ఆ లెక్క చూసుకుని. రెండూ ఆగినా విమానం జారుతూ వస్తది, 36 వేల అడుగుల ఎత్తులో హైదరాబాద్ మీద ఆగితే దాదాపు వరంగల్ దాకా జారేంత. 2001 ఆగస్టులో అట్లాంటిక్ మీద ఇంధనం అయిపోయిన ఒక ఎయిర్‌బస్ దాదాపు 19 నిమిషాలు ఇంజన్లు లేకుండా జారి అజోర్స్ దీవుల్లో దిగింది, 306 మందీ బతికారు.

ఎత్తు ఉంటే టైం ఉంటది. ఎత్తు లేనప్పుడు? వదిన అడగలేదు గానీ ఆమె మనసులో ఉన్నది అదే, నాకు తెలుసు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో టేకాఫ్ అయిన కొన్ని సెకన్లకే రెండు ఇంజన్లకీ ఇంధనం ఆగిపోయిందని ప్రాథమిక నివేదిక చెప్పింది, విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరే మిగిలారు. ఆ వారమంతా నాకు ఫోన్లు. విమానం ఎప్పుడూ పడదు అని నేను ఎవరికీ చెప్పను, అది అబద్ధం. 2023లో ప్రపంచం మొత్తంలో ప్యాసింజర్ జెట్ ప్రమాదంలో ఒక్కరు కూడా చనిపోలేదు, అది కూడా నిజమే. రెండు నిజాలూ తెలిసే నేను మా అమ్మాయిని తీసుకుని ఎక్కుతున్నా.

అపోహ: పిల్లోడు ఆడుకుంటూ తలుపు తీసేస్తే!

పైన ఎగిరేటప్పుడు లోపలి గాలి ఒత్తిడి తలుపుని టన్నుల బరువుతో ఫ్రేమ్‌కి నొక్కి పెడుతుంది, దారాసింగ్ వచ్చినా తెరవలేడు. నాలుగేళ్ళోడికి ఆ హ్యాండిల్ అందితే గొప్ప. తర్వాత.

అపోహ: ఎక్కే ముందు దగ్గు సిరప్ వేస్తే పిల్లలు దిగేదాకా పడుకుంటారు

దీని మీద నాకు కోపం ఉంది. అమ్మమ్మలు చెప్తారు, కాలనీ మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇస్తారు. నిద్ర మత్తు వచ్చే మందులు కొంతమంది పిల్లల్లో రివర్స్‌లో పనిచేస్తాయి, మత్తు బదులు ఉరుకులు. ఒకసారి అలా సిరప్ తాగిన మూడేళ్ళ బాబు ఆరు గంటలు గ్యాలీకీ గ్యాలీకీ మధ్య పరిగెత్తాడు, వాళ్ళ నాన్న వెనకాల, నేను వాళ్ళ నాన్న వెనకాల జ్యూస్ పట్టుకుని. అది నవ్వుకునే కేసు. నవ్వుకోలేనివీ ఉంటాయి. అలా మత్తు తెచ్చే ప్రొమెథజీన్ అనే మందుతో రెండేళ్ళ లోపు పిల్లలకి ఊపిరి ఆగే ప్రమాదం ఉందని అమెరికాలో డబ్బా మీదే గట్టి హెచ్చరిక ఉంటది. పైగా అక్కడ డాక్టర్ని వెతకాలంటే అట్లాంటిక్ మీద ఎక్కడ వెతుకుతాం? మీ పిల్లల డాక్టర్ని ముందే అడగకుండా ఏదీ వెయ్యకండి. పెద్దవాళ్ళ "ధైర్యం కోసం రెండు పెగ్గులు" కూడా ఇదే ఖాతా, నాలుగో గంటకి భయం తిరిగొస్తది, తలనొప్పి తోడు తెచ్చుకుని.

అపోహ: బాసినెట్ దొరికితే గెలిచినట్టే

సగమే. గోడకి తగిలించే ఆ ఉయ్యాలకి బరువు పరిమితి ఉంటది, ఒక్కో ఎయిర్‌లైన్‌కి ఒక్కోలా, బొద్దుగా పెరిగిన పదకొండు నెలల పాప కొన్నిట్లో పట్టదు, బుకింగ్‌లోనే ఫోన్ చేసి కనుక్కోండి. సీటు బెల్ట్ సైన్ పడిన ప్రతిసారీ పాపని తీసి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి, నిద్రపోతున్నా సరే, అప్పుడు మమ్మల్ని తిట్టుకోని తల్లి లేదు. ఆ వరసలో ముందు సీటు ఉండదు కాబట్టి టేకాఫ్, ల్యాండింగ్‌లకి బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టనివ్వం, పైన పెట్టాల్సిందే, కాబట్టి ఒక డైపరు, పాల సీసా, ఒక గుడ్డ విడిగా చేతిలో ఉంచుకోండి. కుర్చీ చేతులు కూడా పైకి లేవవు, పెద్దోడు మీ ఒళ్ళో తల పెట్టి పడుకోవాలంటే కష్టం.

ఒళ్ళో పిల్లకి మేమిచ్చే చిన్న బెల్ట్ మీ బెల్ట్‌లోంచి దూర్చి వేరేగా పెట్టాలి. ఇద్దరికీ కలిపి ఒకే బెల్ట్ పెట్టకండి, కుదుపు వస్తే మీ బరువంతా పాప మీద పడుతుంది. ఇంకోటి, పోయేటప్పుడు ఇరవై మూడు నెలలై, అక్కడ రెండో పుట్టినరోజు జరిగితే వచ్చేటప్పుడు సీటు కొనాలి, ఇది మర్చిపోయి ఎయిర్‌పోర్ట్‌లో పరేషాన్ అయ్యేవాళ్ళు ఎంతమందో.

అపోహ: ఆక్సిజన్ మాస్క్ ముందు పిల్లలకే పెట్టాలి, అమ్మని కదా

మా ట్రైనింగ్‌లో కూడా కొత్త అమ్మాయిలు ఇక్కడే ఆగి చూస్తారు. 35 వేల అడుగుల్లో గాలి ఒత్తిడి పోతే మీకు తెలివిగా పని చేసుకునే టైం సుమారు అర నిమిషం నుంచి నిమిషం. మీరు ముందు పెట్టుకుంటే తర్వాత ఇద్దరికీ పెట్టగలరు, పిల్లోడితో కుస్తీ పడుతూ మీరు సొమ్మసిల్లితే వాడు మీకు పెట్టలేడు. చాలా విమానాల్లో ప్రతి వరసలో ఒళ్ళో పిల్లల కోసం ఒక మాస్క్ ఎక్కువే ఉంటది. దాని కింద సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తూనే ఉంటది, సంచి నొక్కి చూస్తూ కూర్చోకండి.

అపోహ: పిల్లల ముందు మన భయం అస్సలు కనిపించకూడదు

కనిపిస్తది వదినా, కనిపించకుండా పోదు. పిల్లలు కిటికీ చూసి భయపడరు, అమ్మ మొహం చూసి భయపడతారు. మీరు కుర్చీ పట్టుకుని పళ్ళు కొరుకుతూ "ఏం లేదు నాన్నా" అంటే వాడికి అర్థమయ్యేది ఏదో ఉందని, దాస్తున్నారని. దానికన్నా "అమ్మకి ఊగితే నచ్చదు, ఇప్పుడు ఊగుతుంది, నీ చెయ్యి ఇవ్వు" అనడం నయం. వాడికో పని ఇవ్వండి, ఎన్ని టింగ్‌లు వచ్చాయో లెక్కపెట్టమనండి, చక్రాల చప్పుడు వచ్చినప్పుడు మీకు చెప్పమనండి. నేను చూసిన భయస్థుల్లో పిల్లలకి వివరించే పనిలో పడ్డవాళ్ళే ఎక్కువ తేలికపడ్డారు.

ఆకాశంలో పిల్లలు నిజంగా ఝడుసుకునేది కుదుపులకి కాదు, టాయిలెట్‌కి. ఆ ఫ్లష్ చప్పుడు పెద్దాళ్ళకే గుండె జారుస్తది. పిల్లోణ్ణి ముందు బయటికి పంపి, మూత వేసి, అప్పుడు నొక్కండి. ఒకసారి భయపడితే మిగతా పది గంటలు వాడు లోపలికి రాడు, అప్పుడు చూడాలి మీ తిప్పలు.

ఇంకో మాట, ఎక్కేటప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ క్రూకి "నాకు భయం" అని ఒక్క మాట చెప్పండి. నవ్వరు. మేం సీటు నంబర్ గుర్తుపెట్టుకుంటాం, కుదుపులు వస్తాయని కాక్‌పిట్ నుంచి తెలిస్తే మీ దగ్గరికొచ్చి ముందే చెప్తాం.

అపోహ: ల్యాండింగ్ ముందు పడుకున్న పిల్లని లేపకూడదు, పాపం

లోపల గాలి ఒత్తిడి పైన ఉన్నప్పుడు ఊటీలో ఉన్నంత ఎత్తు లెక్కకి ఉంటుంది, దిగేటప్పుడు అది మళ్ళీ నేల లెక్కకి పెరుగుతుంది. చెవి లోపలి నుంచి గొంతులోకి ఉండే సన్న గొట్టం గుటక వేసినప్పుడు తెరుచుకుని రెండు వైపులా సమానం చేస్తది. పిల్లల్లో ఆ గొట్టం మరీ సన్నం, పైగా నిద్రలో గుటకలు తక్కువ, అందుకే టేకాఫ్‌లో నవ్విన పాప దిగేటప్పుడు గుక్కపట్టి ఏడుస్తుంది. చాలామంది పాలు చక్రాలు నేలకి తగిలే ఐదు నిమిషాల ముందు పడతారు, అప్పటికి ఆలస్యం. దిగడం అరగంట ముందే మొదలవుతుంది, ఇంజన్ చప్పుడు మెత్తబడి ముక్కు కాస్త కిందికి వంగినట్టు అనిపిస్తది చూడండి, అప్పుడు లేపి పాలో నీళ్ళో కొద్దికొద్దిగా తాగించండి, పెద్దోడికి స్ట్రాతో జ్యూసో లాలీపాపో ఇవ్వండి. జలుబు గట్టిగా ఉన్నా, చెవిలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా బయల్దేరే ముందే డాక్టర్‌కి చూపించాలి.

ఆ అరగంట ఎప్పుడో మీకు తెలియదనుకుంటే రాత్రి పడుకునే ముందే క్రూకి చెప్పి పెట్టండి, దిగడం మొదలవగానే లేపమని. లేపుతాం. మా అన్నయ్యని కూడా లేపమని వదిన అడుగుతానంది.