కథ ఎన్ని పేజీలుండాలి?

అమలాపురం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ కథలన్నీ చదివాను. "తాతయ్యా, కథ ఎన్ని పేజీలుండాలి?" అని అందరూ అడిగారు. పోటీలవాళ్లు పేజీలు కొలుస్తారు కాబట్టి ఆ టెన్షన్ సహజమే. కానీ ఎవరి చేతికి ఎంత పొడుగు కుదురుతుందో పోటీలవాళ్లు చెప్పలేరు.

మన గోదావరి వాళ్లనే చూడండి. పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'వడ్లగింజలు' పేరుకి కథే, చిన్న నవలంత ఉంటుంది. ఆయన మనుషులు తీరిగ్గా మాట్లాడుకుంటారు, ఆ మాటల్లోనే వాళ్ల గుణం బయటపడుతుంది. మాటలు కత్తిరిస్తే కథే పోతుంది. తిరుపతిపురంలో పుట్టిన పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కి ఒక రైలు ప్రయాణం, ఒక తుఫాను రాత్రి చాలాయి. 1952లో దానికి ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది.

మీలో ఒకమ్మాయి కోటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద కథ రాసింది. ముక్తేశ్వరం ఒడ్డు చేరేలోపు కొత్తకోడలు పుట్టింటి గొలుసు మెళ్లోంచి తీసి కొంగున ముడేసుకుంటుంది. ఎందుకో చెప్పదు, మనకి తెలిసిపోతుంది. అక్కడికి మూడు పేజీలు. ఆ తర్వాత అత్తగారి చిన్నతనం, కొబ్బరితోట తగాదా, మరిది పెళ్లి అంటూ ఇంకో తొమ్మిది! పేజీలు నింపాలని రాసినవని చదువుతుంటేనే తెలుస్తోంది. తల్లీ, నీ చూపు ఒక్క క్షణాన్ని పట్టుకుంటుంది. నీది పొట్టి కథ.

ఒకబ్బాయి మూడు తరాలని నాలుగు పేజీల్లో కుక్కాడు. 1986 వరదకి ఇల్లు మునిగిన రాత్రిని రెండు లైన్లలో దాటేశాడు. బాబూ, ఆ రాత్రి అటకెక్కిందెవరు? దూడ పలుపు విప్పిందెవరు? ఇవన్నీ నీకు తెలుసు, చోటు చాలదని ఆపుకున్నావు. నీకు నవల కావాలి.

మిగతావాళ్లు ఈసారి పేజీలు లెక్కపెట్టకుండా రాయండి. రెండ్రోజులు పక్కన పెట్టి చదవండి. రాయడానికి బద్ధకమేసినచోట ఎడమ అంచున, ఇంకా చెప్పాలనిపించి ఆపుకున్నచోట కుడి అంచున గీత పెట్టండి. ఒక్క కథతో తేలదు. అయిదారు రాశాక గీతలు ఎటువైపు ఎక్కువున్నాయో కనిపిస్తుంది. ఎడమవైపైతే మీది పొట్టి కథ, కుడివైపైతే పొడుగు. వయసుతో అదీ మారుతుంది, కంగారుపడకండి.

పంటు కథని మూడు పేజీల దగ్గర ఆపి పత్రికకి పంపమ్మా. అబ్బాయి మాత్రం ఆ వరద రాత్రి ఒక్కటే రాసి, వేసవి సెలవులకి వచ్చేటప్పుడు పట్టుకురావాలి.

మీ
తాతయ్య