ఆల్టా ఓడ గురించి చిన్నూకి, అమ్ములుకి తాతయ్య ఉత్తరం

విశాఖపట్నం

చిన్నూకి, అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన వీడియో చూశాను. రాళ్ల మధ్య ఇరుక్కుని, ఒళ్లంతా తుప్పు పట్టిన ఆ ఓడ పేరు ఆల్టా. అది ఉన్నది ఐర్లండ్ దక్షిణ తీరంలో, కార్క్ కౌంటీలో, బాలీకాటన్ అనే ఊరి దగ్గర. వీడియో చేసినవాళ్లు వెనకాల భయపెట్టే మ్యూజిక్ పెట్టి దయ్యాల ఓడ అనేసరికి అమ్ములు రెండు రాత్రులు లైటు ఆర్పనివ్వలేదని మీ అమ్మ చెప్పింది. ఇలాంటివి ఫోన్లో రెండు ముక్కల్లో తేలవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఆ ఓడలో దయ్యం లేదు తల్లీ. అందులోంచి పదిమంది మనుషులు ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్ల కథ తెలిస్తే నీ భయం పోతుంది.

ఆల్టా 1976లో కట్టిన సరుకుల ఓడ. పొడవు 77 మీటర్లు. ఈ రోజుల్లో మన పోర్టుకొచ్చే ఓడల ముందు చాలా చిన్నది. చేతులు మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చింది. 2017లో ఆల్టా అని పేరు పెట్టి, టాంజానియా దేశపు జెండా కట్టారు. 2018 సెప్టెంబర్‌లో గ్రీస్ నుంచి హైతీకి పోతుండగా అట్లాంటిక్ నడిమధ్యలో ఇంజిన్ చెడిపోయింది. బెర్ముడా దీవులకు ఆగ్నేయంగా సుమారు 2,220 కిలోమీటర్ల దూరం. చుట్టుపక్కల ఒడ్డే లేదు.

నడిసముద్రంలో ఓడ ఆగిపోతే ఎలా ఉంటుందో మీకు చెప్పాలి. నా ఉద్యోగమంతా ఇంజిన్ రూంలోనే కదా. ఓడలో ఇరవై నాలుగు గంటలూ ఒక హోరు ఉంటుంది, కాళ్ల కింద సన్నటి వణుకు ఉంటుంది. కొన్నాళ్లకి మనకది తెలియను కూడా తెలియదు. జనరేటర్ ఆగిపోయిందంటే మాత్రం నిద్రలో ఉన్నవాడు కూడా దిగ్గున లేచి కూర్చుంటాడు, అంత నిశ్శబ్దం! ఫ్యాన్లు ఆగిపోతాయి. పంపు తిరగదు కాబట్టి కుళాయిలో నీళ్లు రావు, బాత్రూంలో ఫ్లష్ పనిచేయదు. ఫ్రీజర్‌లో మాంసం, చేపలు కరిగి వాసన మొదలవుతుంది. అన్నిటికంటే కష్టం ఊగుడు. ముందుకి కదిలే ఓడ అలల్ని మూతితో చీల్చుకుంటూ పోతుంది. కదలిక ఆగిన ఓడ మెల్లగా తిరిగిపోయి అలలకి పక్క చూపిస్తుంది. ఇక ప్రతి అల వచ్చి పక్కనుంచే కొడుతుంది. గిన్నె స్టవ్ మీద నిలవదు, మనిషి మంచం మీద నిలవడు.

ఆల్టా వాళ్లు ఆ స్థితిలో రోజుల తరబడి ఇంజిన్ బాగుచేసుకోవాలని చూశారు. కాలేదు. చివరికి రెండు రోజులకు సరిపడా తిండి మాత్రం మిగిలింది. అమెరికా కోస్ట్ గార్డ్ విమానంలో వచ్చి వారానికి సరిపడా ఆహారం జారవిడిచింది. తర్వాత కాన్ఫిడెన్స్ అనే కోస్ట్ గార్డ్ నౌక వచ్చి అక్టోబర్‌లో పదిమందినీ ఎక్కించుకుని పోర్టోరికో తీసుకెళ్లింది. ఓడని మాత్రం అక్కడే వదిలేశారు. ప్రాణాలు ముందు, ఇనుము తర్వాత.

ఇక చిన్నూ ప్రశ్న. మనిషి లేని ఓడ అంత దూరం ఎలా వచ్చింది, మునిగిపోలేదెందుకు?

ఇంజిన్ చెడిపోయినంత మాత్రాన ఓడకి చిల్లు పడదు కదరా. దాని పొట్ట ఒకే పెద్ద గది కాదు. ఉక్కు గోడలతో విడివిడి గదులుగా కడతారు. ఒక గదిలోకి నీళ్లు వచ్చినా పక్క గదిలోకి పోనివ్వరు. పైన హ్యాచ్ మూతలు, అంటే సరుకు దింపే నోళ్ల మీది మూతలు, గట్టిగా వేసి ఉంటే వాన నీళ్లు, అలల నీళ్లు లోపలికి దిగవు. అలాంటి ఓడ ఏళ్ల తరబడి తేలగలదు. ఇక ప్రయాణం అంటావా, గాలీ ప్రవాహాలూ కలిసి చేయించిన ప్రయాణం అది. ఉత్తర అట్లాంటిక్‌లో నీళ్లు గడియారం ముల్లు తిరిగే దిక్కులో పెద్ద చుట్టు చుడతాయి. ఆఫ్రికా వైపు నుంచి అమెరికా వైపు, అక్కడినుంచి గల్ఫ్ స్ట్రీమ్ పట్టుకుని ఉత్తరంగా, మళ్లీ తూర్పుకి తిరిగి యూరప్ వైపు. నీళ్ల పైన కనిపించే ఓడ పక్కభాగాన్ని గాలి తెరచాపలా వాడుకుంటుంది. ఆల్టా ఏ రోజు ఎక్కడుందో రాసిన లాగ్‌బుక్ లేదు. 2019 ఆగస్టు చివర్లో బ్రిటిష్ నౌకాదళానికి చెందిన ప్రొటెక్టర్ అనే నౌక దాన్ని నడి అట్లాంటిక్‌లో చూసింది. దగ్గరికెళ్లి సాయం కావాలా అని పిలిస్తే జవాబు లేదు. 2020 ఫిబ్రవరి 16న డెన్నిస్ తుఫాను దాన్ని తెచ్చి బాలీకాటన్ రాళ్ల మీద పడేసింది. జాగింగ్‌కి వచ్చిన ఒకాయన మొదట చూశాడు.

మరి మధ్యలో ఎవరూ ఎందుకు పట్టుకోలేదు అంటే, ఓడలు తాము ఎక్కడున్నదీ తామే చెప్పుకుంటూ పోతాయి. 300 టన్నేజీ (ఓడ లోపలి చోటుని బట్టి కట్టే లెక్క) దాటి దేశాల మధ్య తిరిగే ప్రతి ఓడలోనూ ఏఐఎస్ అనే పెట్టె ఉండాలి. పేరు, స్థానం, వేగం రేడియోలో పంపుతూ ఉంటుంది. మీరు ఫోన్లో చూసే షిప్ ట్రాకింగ్ యాప్‌లకి ఆధారం అదే. దానికి కరెంటు కావాలి. కరెంటు పోయి బ్యాటరీలు దిగిపోయాక ఓడ మ్యాపు మీంచి మాయమైపోతుంది. రాత్రిపూట దీపాలు కూడా ఉండవు. నన్నడిగితే దయ్యం కన్నా ఇదే భయం. చీకట్లో ఎదురొచ్చే చేపల పడవకి అక్కడ అంత ఉక్కు ఉందని ఎలా తెలుస్తుంది?

ఐర్లండ్ దాకా ఎందుకు, మన ముంబైలోనే ఇలా జరిగింది. 2011 జూన్ చివర్లో పవిత్ అనే చిన్న ట్యాంకర్ ఒమన్ దగ్గర ఇంజిన్ చెడి, సిబ్బంది దిగిపోయారు. అది మునిగిపోతుందనే అందరూ అనుకున్నారు. నైరుతి రుతుపవనాల గాలి దాన్ని అరేబియా సముద్రం దాటించింది. జూలై 31న జుహూ బీచ్‌లో తేలేదాకా తీరం కాపలా వాళ్లెవరికీ కనపడలేదు. 26/11 దాడి జరిగి మూడేళ్లు కూడా కాలేదు. ఇంత ఓడ చెప్పాపెట్టకుండా ఎలా వచ్చిందని దేశమంతా నిలదీసింది, నిలదీయాల్సిందే.

ఓడ ఒడ్డుకొచ్చాక ఆ భారం ఎవరిదో చూడండి. ఆల్టా విషయంలో కార్క్ కౌంటీ వాళ్లు మనుషుల్ని పంపి, ఇంధనం ట్యాంకులు తనిఖీ చేయించి, దొరికిన ఆయిల్ తీయించారు. తీయకపోతే అక్కడి చేపలూ పక్షులూ ఏమైపోను? ఓడ మాత్రం అక్కడే ఉండిపోయింది. తర్వాతి ఏళ్లలో అలల దెబ్బకి రెండు ముక్కలైంది. పాత ఓడకి చివరికి మిగిలే విలువ తుక్కు ఇనుము విలువే. మన గుజరాత్‌లోని అలంగ్ లాంటి చోటికి తెచ్చి ముక్కలు చేస్తేనే అది డబ్బవుతుంది. సముద్రం మధ్యలో ఆగిపోయిన ఓడని టగ్ (ఓడల్ని లాగే పడవ) పెట్టి లాక్కురావాలంటే ఆ డబ్బు కన్నా ఖర్చే ఎక్కువ కావచ్చు. అందుకే కొందరు యజమానులు ఫోన్ ఎత్తడం మానేస్తారు. ఓడ ఒక దేశంలో రిజిస్టర్ అయి, కంపెనీ ఇంకో దేశంలో ఉండి, దాని వెనకున్న మనిషి మూడో దేశంలో ఉంటే ఎవరి తలుపు కొట్టాలి? ఈ బాధ పడలేకే నైరోబీ ఒప్పందం చేసుకున్నారు, 2015 నుంచి అమల్లో ఉంది. 300 టన్నేజీ, ఆపైన ఉన్న ఓడలకి శిథిలాలు తొలగించే ఖర్చుకు ముందే ఇన్సూరెన్స్ ఉండాలంటుంది. మన దేశం కూడా అందులో చేరింది. మంచి చట్టమే. అయితే ముసలి ఓడలు నడిపే కొందరు ఇన్సూరెన్స్ కట్టడం ఎగ్గొడతారు, చిక్కంతా అక్కడే.

మన తెన్నేటి పార్కు దగ్గరికి 2020 అక్టోబర్‌లో కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ గుర్తుంది కదా. అది వదిలేసిన ఓడ కాదు, గాలివానకి లంగరు నిలవక వచ్చి పడింది, సిబ్బంది లోపలే ఉన్నారు. అప్పుడు ఊరు ఊరంతా సెల్ఫీలకి ఎగబడింది. చిన్నూ, నువ్వు అలాంటిదెక్కడన్నా చూస్తే దూరం నుంచి చూడు, లోపలికి మాత్రం దూరకు. తుప్పు పట్టడమంటే ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ని తినడమే. మూసి ఉన్న ట్యాంకులో గోడలు నెలల తరబడి తుప్పు పడితే లోపల గాలి ఉన్నట్టే ఉంటుంది, వాసనా రాదు, అందులో ఆక్సిజన్ మాత్రం ఉండదు. దిగినవాడు రెండు మూడు ఊపిర్లకే కుప్పకూలిపోతాడు. వాణ్ణి లాగుదామని కంగారుగా దిగినవాడూ పక్కనే పడిపోతాడు. అనుభవమున్న నావికులే ఇలా చనిపోతుంటారు. అందుకే మీటర్‌తో కొలిచి, ఆక్సిజన్ 21 శాతం చూపిస్తేనే మేం కాలు పెట్టేవాళ్లం.

నన్ను నిజంగా బాధపెట్టే ఓడ ఆల్టా కాదు, ఐబా అనే ట్యాంకర్. 2021 జనవరిలో అది దుబాయ్‌కి ఉత్తరాన ఉమ్ అల్ కువైన్ బీచ్‌కి కొట్టుకొచ్చింది. అది ఖాళీ ఓడ కాదు, లోపల అయిదుగురున్నారు. మన దేశం వాళ్లూ వాళ్లలో ఉన్నారు. కంపెనీ చేతులెత్తేస్తే ఏళ్ల తరబడి జీతాల్లేకుండా ఆ ఓడలోనే మగ్గిపోయారు. దిగిపోవచ్చుగా అంటారేమో. కాపలా మనుషులు లేకుండా ఓడని వదలడానికి పోర్టు ఒప్పుకోదు. వీసా ఉండదు. దిగిపోతే రావాల్సిన జీతం ఎలా వసూలవుతుందన్న టెన్షన్ ఒకటి. ఎదురుగా ఊరి దీపాలు కనిపిస్తుంటే ఇంటికి పోలేకపోవడం, ఆలోచించండి. రవాణా కార్మికుల అంతర్జాతీయ సమాఖ్య ఐటీఎఫ్ 2024 లెక్కల్లో ఇలా కంపెనీలు గాలికొదిలేసిన నావికుల్లో అందరికంటే ఎక్కువమంది భారతీయులే. శ్రీకాకుళం నుంచి, మన విశాఖ నుంచి ఎంతమంది పిల్లలు ఓడలెక్కుతున్నారో మీకు తెలుసు.

వాళ్లని కాపాడే చట్టం ఉంది. నావికుల కార్మిక ఒప్పందానికి 2017లో అమల్లోకొచ్చిన సవరణ ప్రకారం, రెండు నెలల జీతం బాకీపడినా ఆ నావికుణ్ణి వదిలేసినట్టే లెక్క. అప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీయే తిండి, మందులు, ఇంటికి టికెట్, నాలుగు నెలల వరకు జీతం ఇవ్వాలి. మన దేశం కూడా ఆ ఒప్పందంలో ఉంది.

చిన్నూ, మీ కిరణ్ బావ ఓడ ఉద్యోగానికి ఎవరో ఏజెంటుకి డబ్బు కట్టబోతున్నాడని విన్నాను. ఈ ఉత్తరం వాడికి చూపించు. ఆ ఏజెంటుకి ఆర్‌పీఎస్ఎల్ లైసెన్స్, అంటే నావికుల్ని ఉద్యోగాల్లో పెట్టడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, ఉందో లేదో ఓడల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూసుకోమను. లైసెన్స్ ఉన్నా సరే, ఉద్యోగం కోసం ఒక్క రూపాయి ఇవ్వొద్దని చెప్పు. ఓడ ఎక్కాక పెట్టె సర్దుకోవడం తర్వాత సంగతి, ముందు నోటీసు బోర్డు దగ్గరికెళ్లి ఆ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అంటించి ఉందో లేదో, తేదీ దాటిపోయిందో చూడమను. అందరికీ కనపడేలా దాన్ని పెట్టి తీరాలి. లేకపోతే ఓడ పోర్టు దాటకముందే నాకు ఫోన్ చేయమను.

ఇట్లు,
మీ తాతయ్య