తెర వెలగకముందే

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవులు బుజ్జికీ చిన్నికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కణ్ణుంచి పంపిన పాత కంప్యూటర్ ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంటోందనీ, లోపల బీప్ బీప్ మంటోందనీ రాశారు. ఎన్ని బీప్‌లో, పొడుగువో పొట్టివో రాయలేదేం? అసలు కబురంతా అందులోనే ఉంది.

స్విచ్ నొక్కగానే ప్రాసెసర్ పనిలోకి దిగదు. 12, 5, 3.3 వోల్టులు నిలకడగా వస్తున్నాయని ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె, ముందు మదర్‌బోర్డుకు సంకేతం ఇవ్వాలి. అర సెకను లోపలి వ్యవహారమే అది. అప్పుడు ప్రాసెసర్, బోర్డు మీది ఒక చిన్న చిప్‌లో ఉన్న బయోస్ అనే ప్రోగ్రామ్‌ను చదవడం మొదలుపెడుతుంది. విండోస్ వంతు ఇంకా రాలేదు. బయోస్ చేసే ఈ తనిఖీని పోస్ట్ అంటారు, అంటే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్. 1981లో వచ్చిన ఐబీఎం మొదటి పీసీలోనూ ఇది ఉంది.

ఇక్కడొక తమాషా చిక్కు ఉంది. ఏ ప్రోగ్రామ్‌కైనా లెక్కలు రాసుకోవడానికి ర్యామ్ అనే తాత్కాలిక మెమరీ కావాలి. ఆ ర్యామ్ బాగుందో లేదో తేల్చాల్సింది ఈ ప్రోగ్రామే. తేలకముందే దాన్ని నమ్మేదెలా? అందుకే పాత బయోస్ తొలి అడుగులన్నీ ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లనే బుల్లి గళ్లతోనే నెట్టుకొచ్చేది. ఇప్పటివి ప్రాసెసర్‌లోని క్యాష్ అనే చిన్న మెమరీని కాసేపు ర్యామ్‌లా వాడుకుంటాయి. ర్యామ్ పరీక్ష మాత్రం సులువే. తెలిసిన అంకెలు రాస్తుంది, తిరిగి చదువుతుంది, తేడా వస్తే అక్కడే ఆగుతుంది. అప్పట్లో తెర మీద కిలోబైట్ల లెక్క మెల్లగా పెరుగుతూ పోయేది. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కి రీస్టార్ట్ చేస్తే ఆ ఎదురుచూపు తప్పేది.

తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ భాగం సిద్ధమయ్యాక గానీ బయోస్‌కు తెర మీద ఏదైనా రాయడం కుదరదు. ఈలోపు ఏదైనా చెడితే స్పీకర్ ఒక్కటే దిక్కు. ఐబీఎం పీసీలో ఒక పొట్టి బీప్ వస్తే అంతా సవ్యం, ఒక పొడుగు రెండు పొట్టి వస్తే డిస్‌ప్లేలో తేడా. మిగతా కంపెనీలవి ఎవరి లెక్క వారిది, బోర్డుతో వచ్చిన పుస్తకం చూడాల్సిందే. కొత్త బోర్డులు చాలావాటి మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డిస్కు) అని చిన్న లైట్లుంటాయి. ఏది ఆరకుండా ఉంటే తనిఖీ అక్కడ ఆగిందన్నమాట.

నా అనుమానం ర్యామ్ మీదే. ఆ మిషన్ ఇన్నేళ్లూ మా ఇంట్లో సముద్రపు ఉప్పుగాలి పీల్చింది, పైగా ప్రయాణంలో కుదుపులు. ప్లగ్ పీకేసి, నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని, ర్యామ్ తీసి, అంచును మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, రెండు పక్కలా క్లిప్ టక్కుమనేదాకా నొక్కండి. రిపేరు షాపుల్లో పెన్సిల్ రబ్బరుతో రుద్దేస్తుంటారు, నాకది నచ్చదు. ఆ అంచున బంగారు పూత చాలా పలచన.

పోస్ట్ దాటితే పండగ చేసుకోకండి. అది పైపై పరీక్షే. రేపో మాపో పోయే హార్డ్‌డిస్కు కూడా పిలిస్తే పలుకుతుంది. ఫొటోలు ఇంకోచోట కాపీ పెట్టుకోండి.

చిన్నీ, నీ రెండో కంప్యూటర్‌లో తేదీ రోజూ వెనక్కి పోతోందన్నావు కదా. కంప్యూటర్ ఆపినా లోపలి గడియారాన్ని నడిపే రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ బోర్డు మీద ఉంటుంది, అది అయిపోయినట్టుంది, మార్చు. చాలావాటిలో సీఆర్2032, 3 వోల్టులది. వాచీల షాపులో అడిగినా ఇస్తారు. పాతది తీసేటప్పుడు ప్లస్ గుర్తు ఎటు ఉందో చూసుకో.

మీ తాతయ్య