సల్లేఖన: కోర్టుకెక్కిన ప్రాచీన వ్రతం

తిండి, నీళ్లు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ, చివరికి పూర్తిగా మానేసి మరణాన్ని స్వీకరించడం జైనుల్లో ఎప్పటినుంచో ఉన్న వ్రతం. జైనుల్లోని రెండు ప్రధాన శాఖల్లో దిగంబరులు దీన్ని సల్లేఖన అంటారు, శ్వేతాంబరులు సంథారా అంటారు. 2015 ఆగస్టు 10న రాజస్థాన్ హైకోర్టు దీన్ని ఆత్మహత్యగానే చూడాలంది. సహకరించినవాళ్ల మీద ప్రేరేపణ కేసు పెట్టాలంది. జైనులు పలు నగరాల్లో మౌన ర్యాలీలు తీశారు. అదే నెల 31న సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది.

చంద్రగుప్త మౌర్యుడు కర్ణాటకలోని శ్రవణబెళగొళలో ఇలాగే దేహం వదిలాడని జైన సంప్రదాయం చెబుతుంది. ఆ కథ సంగతెలా ఉన్నా, 982లో రాష్ట్రకూట వంశపు చివరి ఇంద్రుడు అక్కడే సల్లేఖనతో పోయాడనడానికి శాసనం ఉంది. ఇలా పోయినవాళ్లకు నిలబెట్టిన రాళ్లను నిసిధులు అంటారు. మన కడప జిల్లాలో, పెన్న ఒడ్డున ఉన్న దానవులపాడులోనూ అవి దొరికాయి.

అయితే ఈ వ్రతం ఎవరు పడితే వాళ్లు, ఎప్పుడు పడితే అప్పుడు పట్టేది కాదు. తప్పించుకోలేని ఆపద, కరువు, ముసలితనం, నయం కాని రోగం వచ్చినప్పుడే పట్టాలని జైనాచార్యుడు సమంతభద్రుడు శ్రావకుల (సన్యసించని గృహస్థ జైనుల) కోసం రాసిన గ్రంథంలో చెప్పాడు. ఇంకా బతకాలన్న ఆశ ఎంత దోషమో, త్వరగా చావు రావాలని కోరుకోవడమూ అంతే దోషమని జైనుల ప్రామాణిక గ్రంథం తత్త్వార్థసూత్రం అంటుంది. ఆత్మహత్య వేరు, ఇది వేరు అని జైనులు వాదించేది ఇక్కడే. నాకైతే ఆ వాదనలో బలముందనే అనిపిస్తుంది.

కానీ 2006లో హైకోర్టులో పిటిషన్ వేసిన న్యాయవాది లేవనెత్తిన అనుమానాన్నీ కొట్టిపారేయలేం. మంచాన పడ్డ మనిషి తనంతట తానే ఒప్పుకున్నాడా, చుట్టూ ఉన్నవాళ్లు ఒప్పించారా అన్నది తేల్చేదెవరు? హైకోర్టు మాత్రం ఇది జైనమతానికి తప్పనిసరైన ఆచారమా కాదా అన్నదాని మీదే ఎక్కువ దృష్టి పెట్టి, కాదని తేల్చింది.

2016లో సికింద్రాబాద్‌లో 68 రోజుల ఉపవాసం చేసి చనిపోయిన పదమూడేళ్ల అమ్మాయిది సల్లేఖన కాదు, మరణం కోసం కాకుండా చేసే తపస్సు. అయినా టీవీ చర్చల్లో రెండింటినీ ఒకే గాటన కట్టేశారు. ఇష్టపూర్వకంగా చేసిందా అన్న ప్రశ్న మాత్రం అక్కడ ఇంకా గట్టిగా వినిపించింది. తల్లిదండ్రుల మీద కేసు పెట్టారు.

స్టే వల్ల వ్రతానికి అడ్డు లేదు. 2024 ఫిబ్రవరి 18న దిగంబర జైన ముని ఆచార్య విద్యాసాగర్ ఛత్తీస్‌గఢ్‌లోని డోంగర్‌గఢ్‌లో సల్లేఖనతోనే దేహం వదిలారు. ప్రధాని నివాళులర్పించారు.