కండ కరిగి కొవ్వు పెరిగితే

పదేళ్ల క్రితం 78 కిలోలు, ఇప్పుడూ 78 కిలోలే, కానీ ప్యాంటు నడుము దగ్గర పట్టట్లేదు, తొడల దగ్గర మాత్రం వదులైపోయింది. అరవై దాటిన మగవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన సంగతే, అయినా బరువు పెరగలేదు కదా అని ధీమాగా ఉంటారు. నిజానికి కండ తగ్గింది, దాదాపు అంతే బరువు కొవ్వు వచ్చి చేరింది. బరువు చూసే మెషిన్ రెండిటినీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది.

వయసుతో కండ తగ్గడానికి 1989లో అమెరికన్ పోషకాహార పరిశోధకుడు ఇర్విన్ రోసెన్‌బర్గ్ సార్కోపీనియా అని పేరు పెట్టాడు. దానికి ఊబకాయం తోడైతే ఒకటి రెండోదాన్ని ఇంకా ముదరబెడుతుంది. పొట్టలోని కొవ్వు కండను దెబ్బతీసే రసాయనాలు వదులుతుంది, కండను పెంచే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌లో కొంత ఆ కొవ్వులో ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌గా మారిపోతుంది. తిన్న గ్లూకోజ్‌ను ఎక్కువగా వాడుకునేది కండ, అది తగ్గితే షుగర్ అదుపు తప్పుతుంది. పైగా కండపోగుల మధ్య కూడా కొవ్వు పేరుకుంటుంది, అందుకే చూడ్డానికి కాలు లావుగానే ఉన్నా మెట్లెక్కితే బలం చాలదు.

నాకు బాధ కలిగించేది ఏంటంటే, ఇది తెలిసినవాళ్లు కూడా వెంటనే కడుపు మాడ్చుకోవడం మొదలుపెడతారు. రాత్రి తిండి మానేసి పొద్దున్నే గంట నడిస్తే బరువు తగ్గుతుంది, నిజమే, కానీ ఆ తగ్గినదాంట్లో కండ కూడా ఉంటుంది. 2017లో వచ్చిన ఒక ప్రయోగంలో ఊబకాయం ఉన్న, 65 దాటిన 160 మందిని తీసుకున్నారు. తిండి తగ్గించి నడక లాంటి వ్యాయామమే చేసినవాళ్లకు కొవ్వు కాని ఒంటి బరువు 5 శాతం పోయింది, తిండి తగ్గించి బరువులు ఎత్తినవాళ్లకు 2 శాతమే పోయింది, తిండి తగ్గించి రెండు వ్యాయామాలూ చేసినవాళ్లకు 3 శాతం పోయినా ఒంటి సత్తువ అందరికంటే బాగా మెరుగైంది.

ఈ వయసులో బరువులేంటి అంటారా? 1990లో, తొంభై ఏళ్ల వయసున్న తొమ్మిది మంది 8 వారాలు కాళ్లతో బరువులు ఎత్తితే బలం సగటున 174 శాతం పెరిగింది.

ప్రోటీన్ విషయంలోనూ లెక్క ఉంది. వయసు పెరిగాక అదే ప్రోటీన్‌కి కండ అంత బాగా స్పందించదు, అందుకని కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు తినమంటారు, అదీ ఒక్కపూటే కాకుండా మూడు పూటలా పంచుకుని. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్ని అడగకుండా పెంచొద్దు.

టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, జెల్‌లు కండ కొంత పెంచుతాయి, కానీ నడకలో వచ్చే మార్పు తక్కువ. 2023 నాటి పెద్ద పరీక్షలో గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం వాడినవాళ్లలో ఎక్కువ కనిపించాయి. టెస్టోస్టిరాన్ నిజంగా తక్కువని రక్తపరీక్షలో తేలితే, అప్పుడు డాక్టర్‌తో మాట్లాడండి.

ఈలోగా ఒక కుర్చీని గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోండి. 12 సెకన్లు దాటితే కాళ్ల బలం తగ్గిందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. అదే కుర్చీతో వ్యాయామం కూడా మొదలుపెట్టొచ్చు: దిగేటప్పుడు ధబ్బున కూలబడకుండా మూడు లెక్కపెడుతూ దిగండి, పిరుదులు కుర్చీని తాకగానే లేవండి. అది పదిసార్లు తేలికైపోయాక రెండు చేతుల్లో చెరో బరువు పట్టుకోండి.